మెడ సాగడం, పక్క కుట్లు ముడతలు పడటం: మిషను కుట్టులో ముందుగా సరిచూసుకోవలసినదేమిటి?

ప్రశ్న (పట్టుదారం)

నమస్కారం. దిండు గలీబులు, సంచులు కుట్టడం అలవాటైన తరువాత, పల్చటి నూలు బట్టతో గుండ్రటి మెడ ఉన్న టాప్ ఒకటి మొదలుపెట్టాను. కత్తిరించినప్పుడు కాగితపు నమూనాకు సరిగ్గా సరిపోయిన మెడ, పట్టీ వేసేసరికి సాగిపోయి ఒంటికి ఆనకుండా లేచి నిలబడుతోంది. పక్క కుట్ల పొడవునా సన్నటి ముడతలు పడుతున్నాయి. పైగా కుట్టు మొదలుపెట్టిన ప్రతిచోటా బట్ట అడుగున దారం ఉండ కడుతోంది. బాబిన్ కేసు (అడుగుదారం చుట్టిన బాబిన్‌ను పెట్టే చిన్న డబ్బా) మీది స్క్రూను బిగించి చూసినా, వదులు చేసి చూసినా తేడా కనిపించలేదు. ఈ మూడింటికీ కారణం ఒకటేనా, వేరువేరా? పెద్దలు చెప్పగలరని మనవి.

సమాధానం (కచ్చాకుట్టు)

మూడింటికీ కారణాలు వేరండీ. ముందు ఆ స్క్రూను పాత స్థితికి తెచ్చి, ఇక దాని జోలికి వెళ్ళకండి. దారం అడుగున ఉండ కట్టినప్పుడు అందరి అనుమానమూ బాబిన్ మీదికే పోతుంది గానీ, చాలాసార్లు తప్పు పైదారానిదే. ప్రెజర్ ఫుట్, అంటే బట్టను నొక్కి పట్టే పాదం, దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే, మూసుకొని ఉన్న టెన్షన్ పళ్ళేల (పైదారానికి బిగువు ఇచ్చేవి) మధ్యకు అది దిగదు; దానిని పట్టి ఉంచేదేమీ లేక అడుగున ఉచ్చులు ఉచ్చులుగా పేరుకుంటుంది. ఫుట్ పైకెత్తి, దారాన్ని మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. తరువాత ఫుట్ దించి దారాన్ని లాగి చూస్తే బిగువు స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే దారం ఇంకా బయటే ఉన్నట్టు. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ 10 సెంటీమీటర్ల మేర వెనక్కి తీసి, మొదటి రెండు మూడు కుట్లు పడేవరకు వేలితో నొక్కి పట్టుకోండి.

ఇక మెడ సంగతి. గుండ్రటి మెడను కత్తిరించినప్పుడు ఆ వంపులో కొంత భాగం బట్టకు ఏటవాలుగా, అంటే క్రాసులో పడుతుంది. నిలువు పోగు గానీ అడ్డ పోగు గానీ అక్కడ ఆపుగా ఉండవు కనుక, చేతితో ఎత్తి పక్కన పెట్టినా, తగిలించి ఉంచినా ఆ భాగం సాగుతుంది. అందుకే కత్తిరించిన వెంటనే, భుజాలు కలపడానికి కూడా ముందే, మెడ చుట్టూ ఒంటి పొర మీద స్టే స్టిచ్, అంటే బట్ట సాగకుండా పట్టి ఉంచే కుట్టు, వేయాలి. కుట్టు కోసం 1.5 సెంటీమీటర్లు వదిలి ఉంటే, అంచు నుంచి 1.2 సెంటీమీటర్ల దూరంలో, 2 మిల్లీమీటర్ల కుట్టుతో, ఒక భుజం నుంచి మెడ మధ్యకు, మళ్ళీ రెండో భుజం నుంచి మధ్యకు కుట్టండి. ఒకేసారి ఈ చివర నుంచి ఆ చివరకు కుడితే మెడ ఒకవైపుకు లాగినట్టు అవుతుంది. ఆ తరువాత ముక్కను కాగితపు నమూనా మీద పరిచి వంపును పోల్చి చూడండి. ఈ ఒక్క పనికి పట్టేది కొద్ది నిమిషాలే అయినా, దీనిని వదిలేసినవారే ఎక్కువగా మెడ విప్పి కుడుతూ ఉంటారు.

సమాధానం (నిలువుపోగు)

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, పక్క కుట్ల ముడతల గురించి కొంత చేర్చాలి. ముందుగా సూది చూడండి. పల్చటి నూలుకు 70 లేదా 80 నంబరు సూది చాలు. సంచులు కుట్టిన 100 నంబరు సూదే ఇంకా ఉంటే అది పోగులను తోసుకుంటూ దిగుతుంది, మొన మొద్దుబారితే మరీను. సూది పైదాకా దూరిందా, దాని మీది పొడవాటి గాడి దారం ఎక్కించే వైపుకు ఉందా అన్నది కూడా చూడండి. కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మధ్య ఉంచి, అదే బట్ట ముక్కను రెండు పొరలుగా మడిచి కుట్టి చూడండి. అప్పటికీ ముడత పడితే పైదారం టెన్షన్‌ను కొద్దికొద్దిగా తగ్గించండి.

మిషనులో ప్రెజర్ ఫుట్ అడుగున బట్టను నడిపే పళ్ళు కింది పొరను లాక్కుపోతాయి, పై పొర కాస్త వెనకబడుతుంది. అందుకే చివరికి వచ్చేసరికి పై పొర పొడుగ్గా మిగులుతుంది. దానిని సర్దడానికి బట్టను వెనక నుంచి లాగితే సూది వంగి, కుట్లు ఎగుడుదిగుడు అవుతాయి. చేతులు బట్టకు దారి చూపాలే తప్ప లాగకూడదు.

బట్టను ఉతికి ఆరబెట్టిన తరువాతే కత్తిరించారా? నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నిలువు పోగు దిశను చూపే, నమూనా మీది బాణం గుర్తు రెండు చివరల నుంచీ బట్ట నేత అంచుకు ఉన్న దూరం సమానంగా లేకపోతే, కుట్టు ఎంత చక్కగా వచ్చినా ఉతికిన తరువాత పక్క కుట్టు మెలితిరిగి ముందుకు వస్తుంది. నా దృష్టిలో మిషను కన్నా కత్తిరింపు బల్ల దగ్గర జరిగే పొరపాట్లే ఖరీదైనవి. విప్పిన కుట్టు మళ్ళీ వేయవచ్చు, కత్తిరించిన బట్టను అతకలేము కదా.

ప్రశ్న (పట్టుదారం)

ఇద్దరికీ ధన్యవాదాలు. బట్ట ఉతికే కత్తిరించాను. సూది మాత్రం సంచులకు వాడినదే. సాగిన మెడను ఇప్పుడు బాగుచేయవచ్చా? గుండుసూదులు పెడితే కచ్చా కుట్టు (ముందుగా చేతితో వేసే తాత్కాలిక కుట్టు) లేకుండా సరిపోతుందా?

సమాధానం (కచ్చాకుట్టు)

కొద్దిగా సాగినదైతే బాగవుతుందండీ. పట్టీ విప్పి, మెడ చుట్టూ 4 మిల్లీమీటర్ల పొడవాటి కుట్టు వేసి, అడుగుదారాన్ని మెల్లగా లాగుతూ నమూనాతో సరిపోయేవరకు దగ్గరకు తీయండి. తరువాత ఆవిరితో ఇస్త్రీ చేయండి. ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి, లేకపోతే మళ్ళీ సాగుతుంది. ఏటవాలుగా కత్తిరించిన పట్టీని మెడ కొలతకన్నా కాస్త తక్కువ పొడవుకు తీసుకుంటే అది మెడను లోపలికి పట్టి ఉంచుతుంది. పట్టీ కుట్టాక, మిగులు బట్టకు కుట్టు తెగకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి లోపలికి తిప్పండి.

నేరు కుట్లకు గుండుసూదులు చాలు. కుట్టుకు అడ్డంగా గుచ్చి, మిషను సూది చేరేలోపే ఒక్కొక్కటీ తీసేయండి. వాటి మీద నుంచి కుడితే సూది విరగవచ్చు. మెడకూ చంకకూ మాత్రం కచ్చా కుట్టు వేసుకోవడమే నయం.