షెడ్డులోంచి తీసిన పాత బండి: మొదటి కిక్కుకి ముందు ఏం చేయాలి?

కోటజంక్షన్
పండక్కి ఊరెళ్ళడం, షెడ్డులో గోనెసంచి కప్పుకుని ఉన్న నాన్నగారి బండిని చూడడం, దుమ్ము దులిపి లీటరు పెట్రోలు పోసి అదే ఊపులో కిక్కు కొట్టడం. ప్రతి సంక్రాంతికీ జరిగేదే. అప్పటిదాకా బాగున్న ఇంజను కూడా ఆ పది కిక్కుల్లో చెడుతుంది. బుల్లెట్టు, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100, వీటిని మళ్ళీ లేపే పద్ధతి గురించి ఎవరికి తెలిసింది వాళ్ళు రాయండి. ఎవరి బండి ఎంత స్పీడు వెళ్ళేదో ఆ ముచ్చట్లు ఇక్కడొద్దు. కొలతా, సామానూ, తప్పెక్కడ జరుగుతుందో, అవి చాలు.

మొదటి మాట నాది. ప్లగ్గు విప్పకుండా కిక్కు రాడ్డు ముట్టుకోవద్దు. ప్లగ్గు కన్నంలోంచి 10–15 మి.లీ. 2టీ (టూస్ట్రోకు బళ్ళ) ఆయిలుగానీ, డీజిలూ ఇంజనాయిలూ సగం సగం కలిపిందిగానీ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. కదలకపోతే ఇంకో రాత్రి. పట్టేసిన పిస్టన్ని కిక్కుతో విడిపించబోతే రింగులు విరుగుతాయి, కిక్కు గేరు పళ్ళు పోతాయి.

టెక్కలి_టూస్ట్రోక్
ప్లగ్గు విప్పే ముందే దాని చుట్టూ ఉన్న ఇసకా మట్టీ గాలి కొట్టి ఊదేయాలి. లేకపోతే అదంతా సిలిండర్లోకే. ఇంకొకటి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. పల్లెటూరి షెడ్డులో ఎలకలు అందులోనే కాపురం పెడతాయి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగల మట్టిగూడు కూడా మామూలే. పెన్సిలంత ఇనప తీగ పెట్టి చూస్తే తెలుస్తుంది.

బొబ్బిలి_ఆర్ఎక్స్
టాంకు సంగతి ఎవరూ ఎత్తలేదేటండి? మూత తీసి టార్చి వెయ్యండి. లోపల ఎర్రగా ఉంటే కొత్త పెట్రోలు పోసి లాభం నేదు, ఆ తుప్పంతా కార్బొరేటర్లోకి దిగిపోతాది. మనోళ్ళు గుప్పెడు నట్లు వేసి, గులకరాళ్ళు వేసి ఊపుతారు. గట్టి తుప్పు రాలతాది గానీ, మూలల్లోదీ అతుకుల దగ్గరదీ అలగే ఉండిపోతాది. పైగా రేకు పల్చనై ఉంటే కన్నం పడతాది.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. పది లీటర్ల వేణ్ణీళ్ళకి కిలో. ముందు పెట్రోలు కాక్ విప్పేసి ఆ కన్నానికి బిరడా పెట్టండి, లేకపోతే కాక్ లోపలి రబ్బర్లు పాడవుతాయి. నిండా పోసి ఒక రాత్రీ ఒక పగలూ ఉంచండి. పారబోసి, రెండు చెంచాల వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, ఎండలో మూత తీసి ఆరబెట్టండి. తడి పోయిన అరగంటలోనే 100 మి.లీ. 2టీ ఆయిలు పోసి టాంకుని అన్ని వైపులా తిప్పాలి. ఈ పని రేపు చూద్దాం అనుకుంటే రేపటికి మళ్ళీ ఎర్రటి పొడి.

నాగావళి_బుల్లెట్
నిమ్మ ఉప్పు మాటకి ఒప్పుకుంటాను మాస్టారూ. బొట్టు పెయింటు మీద పడకుండా టాంకు పైన పాత దుప్పటి చుట్టండి, అంతే. బుల్లెట్టు టాంకు మీద గీసిన బంగారు గీతలు చేత్తో వేసినవి. అవి పోతే మళ్ళీ అలా రావు.

ఇక బుల్లెట్టు గురించి. పాత కాస్ట్ ఐరన్ 350 ఇంజను 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు. నెలల తరబడి ఆగి ఉంటే నూనె దాని గదిలోంచి పంపు గుండా మెల్లగా జారి క్రాంకు గదిలో చేరుతుంది. డిప్‌స్టిక్ చూస్తే నూనె లేనట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఇంకో లీటరు పోస్తారు. స్టార్టవగానే బ్రీదర్లోంచి (ఇంజను గాలి వదిలే గొట్టం) నూనె కక్కుతుంది, తెల్ల పొగ వీధంతా. కాబట్టి కొత్త నూనె పైన పోయొద్దు. కింది డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పి పాతది పూర్తిగా దించి, 20డబ్ల్యూ50 డిప్‌స్టిక్ గుర్తు చూసుకుంటూ పోయండి. సుమారు రెండు లీటర్లు పడుతుంది.

స్టార్టయ్యాక మొదటి నిమిషంలోనే చూడాల్సింది నూనె పైకి వస్తోందా లేదా అని. హెడ్ మీద రాకర్లకి వెళ్ళే సన్న పైపు బోల్టు అర చుట్టు వదులు చేయండి, ఐడ్లింగ్‌లో నూనె ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేయండి. పంపులో గాలైనా ఉండాలి, లేదా పంపు అరిగైనా ఉండాలి.

టాపెట్లు, అంటే వాల్వుల సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి. పుష్ రాడ్డు (వాల్వుని కదిపే కడ్డీ) వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. టకటకమని చప్పుడొస్తే వదులు. చప్పుడే లేకుండా వేడెక్కాక ఆగిపోతుంటే బిగువు ఎక్కువైనట్టు. కొంచెం చప్పుడు చేసే టాపెట్టే నయం.

పార్వతీపురం_చిన్నోడు
నాగావళి అన్నా, కిక్కు వెనక్కి తంతోంది. మడమ వాచిపోయింది. నిప్పు పడే టైమింగేనా?

నాగావళి_బుల్లెట్
తమ్ముడూ, ముందు కిక్కు కొట్టే పద్ధతి చూసుకో. తాళం ఆన్ చేసి కిక్కు మెల్లగా నొక్కుతూ అమ్మీటరు చూడు. ముల్లు మైనస్ వైపు వాలితే పాయింట్లు (ప్లగ్గుకి నిప్పు ఎప్పుడు పడాలో తేల్చే కాంటాక్టులు) మూసుకున్నాయని, మధ్యకి వస్తే తెరుచుకున్నాయని. కిక్కు గట్టిగా తగిలిన చోట ఆగు. డీకంప్రెసర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే మీట) పట్టి కొంచెం, ముల్లు మధ్యకి వచ్చేదాకా మాత్రమే దించు. డీకంప్రెసర్ వదిలేసి కిక్కుని పైకి రానిచ్చి, అప్పుడు చివరిదాకా ఒకే తోపు. సగంలో కాలు తీసేస్తే తన్నేది అప్పుడే.

అది సరిగ్గా చేస్తున్నా తంతోందంటే పాయింట్ల దగ్గరికి వెళ్ళు. గ్యాపు 0.35–0.40 మి.మీ., ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి, కళ్ళతో కాదు. 350కి పిస్టన్ పైకొచ్చే ముందు 0.8 మి.మీ. దగ్గర పాయింట్లు విడిపోవాలి. దానికి ముందు ఆటో అడ్వాన్స్ బరువులు (స్పీడు పెరిగేకొద్దీ నిప్పుని ముందుకి జరిపేవి) చేత్తో తిప్పి వదులు, స్ప్రింగు లాక్కుని వెనక్కి రావాలి. ఆగి ఉన్న బండిలో అక్కడ తుప్పు పట్టి బరువులు తెరుచుకునే ఉండిపోతాయి. అప్పుడు నిప్పు ఎప్పుడూ ముందే పడుతుంది, కిక్కు తన్నేస్తుంది. టైమింగ్ ఎన్నిసార్లు పెట్టినా అంతే. చుక్క కిరోసిన్, చుక్క మెషీన్ ఆయిలు వేస్తే పోయే రోగానికి చాలామంది పాయింట్లు మార్చేస్తారు.

పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు తాళం ఆన్‌లో వదిలేయకు, కాయిల్ కాలుతుంది. క్లచ్చి ప్లేట్లు కూడా అంటుకుని ఉంటాయి. తాళం ఆఫ్ చేసి, క్లచ్చి పట్టుకుని ఐదారుసార్లు కిక్కు నొక్కితే విడిపోతాయి. ఈ పని స్టార్టు చేసే ముందే చెయ్యాలి, లేకపోతే గేరు వేయగానే ముందుకి ఉరుకుతుంది.

కోటజంక్షన్
ఇంకొకటి కలుపుతాను. పాత బుల్లెట్టుకి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమ కాలి దగ్గర. ఒకటో గేరు పైకి, మిగతావి కిందికి. కొత్త బళ్ళకి అలవాటైన కాలు కంగార్లో కుడివైపు నొక్కుతుంది, బ్రేకు పడదు సరికదా గేరు మారుతుంది. మెయిన్ రోడ్డెక్కే ముందు ఊరి చెరువు గట్టు మీద పావుగంట తిరగండి.

టెక్కలి_టూస్ట్రోక్
టూస్ట్రోకులో, అంటే ఇక్కడ బుల్లెట్టు తప్ప మిగతా బళ్ళన్నిట్లో, అసలు శత్రువు క్రాంకు ఆయిల్ సీళ్ళు (క్రాంకు రెండు వైపులా ఉండే రబ్బరు రింగులు). ఏళ్ళు ఆగితే రబ్బరు రాయిలా గట్టిపడుతుంది. రెండు వైపుల సీళ్ళకీ రోగం వేరువేరుగా కనిపిస్తుంది.

క్లచ్చి వైపు సీలు పోతే ఇంజను గేరాయిల్ని లాగి కాలుస్తుంది. తెల్ల పొగ తగ్గదు, ప్లగ్గు తడుస్తుంది, గేరాయిలు తగ్గుతూ ఉంటుంది కానీ కింద చుక్క కనబడదు. ఆర్‌ఎక్స్‌కి ఇది కుడివైపు, యెజ్డీకి ఎడమవైపు.

మాగ్నెటో వైపు సీలు పోతే గాలి లాగుతుంది. పొగ ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. యాక్సిలరేటర్ వదిలినా ఆర్పీఎం దిగదు, ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంది, ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా సర్దుకోదు. మిశ్రమం పలచనై పిస్టన్ పట్టేసేది ఇందువల్లే. మాగ్నెటో మూత తీసి చూడండి, లోపల పెట్రోలూ 2టీ కలిసిన తడి ఉంటే తేలిపోయినట్టే. సీళ్ళు రెండూ ఒకేసారి మార్చండి, ఒకటి మార్చి ఒకటి వదిలేయడం పిసినారితనం.

బొబ్బిలి_ఆర్ఎక్స్
ఆర్‌ఎక్స్‌కి ఆయిలు పంపు వేరే ఉన్నాది కదా. ఆ ఆయిలు టాంకు ఎండిపోయి మళ్ళీ నింపితే పైపులో గాలి ఉండిపోతాది. పంపు మీద గాలి స్క్రూ వదులు చేసి, బుడగల్లేకుండా ఆయిలు కారేదాకా ఆగి బిగించాలి. అయినా పంపుని వెంటనే నమ్మొద్దు. మొదటి రెండు లీటర్ల పెట్రోల్లో లీటరుకి 20 మి.లీ. 2టీ కలిపి పోయండి. పంపు టాంకులో ఆయిలు తగ్గుతోందని కళ్ళతో చూశాక కలపడం మానండి. పొగ రెండ్రోజులు ఎక్కువొస్తాది, రానీండి.

కిక్కుకి స్టార్టవక, అయినా తక్కువ ఆర్పీఎంలో లాగకపోతే రీడ్ వాల్వ్ (మిశ్రమాన్ని లోపలికే వెళ్ళనిచ్చే రేకుల వాల్వ్) విప్పండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే రేకుల కింద సందు కనబడకూడదు. అంచు పగిలిన రేకుతో నడిపితే ముక్క లోపలికెళ్ళి సిలిండరు గీరుతాది.

కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆర్‌ఎక్స్ 100 అని అమ్మేవాటిలో కొన్నింటికి లోపల 135 ఇంజనుంటాది. లాగుడు బాగానే ఉంటాది గానీ ఆర్సీలో నంబరుతో కలవదు. ఇంజను నంబరు, హేండిల్ మెడ మీది చాసిస్ నంబరు రెండూ చాక్‌పీసు రుద్ది చదవండి.

పాతబస్టాండ్_యెజ్డీ
యెజ్డీ, జావాలకి పంపు లేదు, కలిపి పోయాల్సిందే. పాత లెక్క ఒకటికి ఇరవై ఐదు, అంటే లీటరుకి 40 మి.లీ. ఇప్పటి మంచి 2టీకి 30 చాలంటారు. రీబోరు చేయించిన (సిలిండరు మళ్ళీ తొలిపించిన) ఇంజనుకి మొదటి 500 కి.మీ. 40 కంటే తగ్గించొద్దు. కలిపే పద్ధతి కూడా ముఖ్యం. ముందు డబ్బాలో కలిపి ఊపి టాంకులో పోయాలి. ఆయిలు నేరుగా టాంకులో పోస్తే అడుగుకి దిగి కాక్ దగ్గర చేరుతుంది. మొదటి కిలోమీటరు పొగే పొగ, తర్వాత పిస్టన్‌కి ఆయిలే ఉండదు.

రెండు సైలెన్సర్లలో ఒకటి ఎక్కువ కొట్టి ఇంకొకటి మూగగా ఉంటే లోపల కార్బన్ మూసుకుంది. బఫెల్ (సైలెన్సర్ లోపలి గొట్టం) లాగి, కాస్టిక్ సోడా నీళ్ళలో ఒక పగలు ఉంచండి. నీళ్ళలో సోడా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు, పొంగి మొహం మీదకొస్తుంది. చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం ముక్క ఏదీ అందులో వేయొద్దు, కరిగిపోతుంది. ఆ జంట చప్పుడు తిరిగొస్తే చాలు, వీధి చివరున్నా పోల్చుకోవచ్చు.

కొత్తవాళ్ళకి, కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018 నుంచి వస్తున్న కొత్త జావాల సామాను దీనికి పట్టదు, ఆ ఇంజనే వేరు. రెండు బళ్ళ సామాను పోగేసుకుని ఒకటి నడపడమే యెజ్డీ ధర్మం.

కళింగపట్నం_గాలి
సముద్రం పక్కనున్నవాళ్ళ బాధ వేరు. బారువ, భావనపాడు, ఇటు చింతపల్లి తీరం, ఎక్కడైనా ఉప్పు గాలి ముందు తినేది ఎర్తు కనెక్షన్లని. లైటు మసగ్గా ఉంటే బ్యాటరీ మార్చే ముందు ఎర్తు వైరు విప్పి, ఫ్రేము మీద రంగు గీకి, ఎమరీ రుద్ది, వేజలీన్ పూసి బిగించండి. స్పోకుల అడుగు, సీటు కింద ఫ్రేము అతుకులు, సెంటర్ స్టాండు పిన్ను చూడండి.

బండికి డీజిల్ కొట్టించడం మానాలి. మెరుపు రెండ్రోజులు, తర్వాత దాని మీద ఇసక అంటుతుంది, బుష్షులూ వైర్ల తొడుగులూ ఉబ్బుతాయి.

తుఫాన్లలో మునిగిన బళ్ళు కూడా అమ్మకానికి వస్తాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ మనల్ని తాకినవే. హెడ్‌లైటు డూమ్ లోపల బురద గీత, స్పీడోమీటరు అద్దం వెనక మచ్చలు, చక్రం హబ్బులో ఎండిన ఒండ్రు కనిపిస్తే బేరింగులన్నీ, క్రాంకుతో సహా, లెక్కలో వేసుకుని బేరమాడండి.

టెక్కలి_టూస్ట్రోక్
ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం. పాత పైపులు, కాక్ రబ్బర్లు దీనికి ఉబ్బుతాయి, పైపులు కొత్తవి వేసేయండి. ఇథనాల్ గాల్లో తేమని కూడా లాగుతుంది, మన ఉక్కపోతలో ఇంకా ఎక్కువ. వారం పైన ఆపితే కాక్ మూసి కార్బొరేటర్ గిన్నె స్క్రూ విప్పి ఖాళీ చేయండి. నెలలు ఆపితే టాంకూ ఖాళీ చేసి ఆయిలు పూయండి. సగం టాంకు అన్నిటికంటే చెడ్డది.

కార్బొరేటర్ జెట్లలో (పెట్రోలు వచ్చే సన్న కన్నాలు) సూది పెట్టి పొడవొద్దు, కన్నం పెద్దదవుతుంది. థిన్నర్లో నానబెట్టి గాలి కొట్టండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్లు వదలండి, అక్కణ్ణుంచి సర్దుకోవాలి.

ఆర్సీ_గుమస్తా
కాగితాలు. 15 ఏళ్ళు దాటితే ఫారం 25 మీద రెన్యువల్, ఐదేళ్ళకోసారి. బండి ఇంకా నాన్నగారి పేరునే ఉండి ఆయన లేకపోతే ఫారం 31. ఆర్సీ పోతే ఫారం 26. 2022 ఏప్రిల్ నుంచి మోటార్ సైకిల్ రెన్యువల్ ఫీజు వెయ్యి. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి రెండు వేలు. మూడక్షరాల పాత నంబర్లు ఆన్‌లైన్లో కనబడకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డుని ఆన్‌లైన్లో ఎక్కించడం) అడగాలి. ఏపీ 30 (శ్రీకాకుళం), ఏపీ 35 (విజయనగరం) నంబర్లతో ఆ గొడవ తక్కువ. వింటేజ్ నంబరు ఆశ పెట్టుకున్నవాళ్ళకి, అది 50 ఏళ్ళు దాటినవాటికే. ఫీజు 20 వేలు, రోజూ తిరగడానికి పనికిరాదు. ఆర్‌ఎక్స్ 100 వచ్చిందే 1985లో, లెక్కేసుకోండి.

పార్వతీపురం_చిన్నోడు
నాగావళి అన్నా, అడ్వాన్స్ బరువులే. తన్నడం లేదు. ఇంకొకటి, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించొచ్చా?

పాతబస్టాండ్_యెజ్డీ
బుల్లెట్టు ఎక్కుతుంది. నీతో వచ్చే టూస్ట్రోకు వాళ్ళకే చెప్పాలి. ప్రమాదం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. యాక్సిలరేటర్ మూసి గేరులోనే దిగితే పెట్రోలు అందదు, దాంతో కలిసొచ్చే ఆయిలూ అందదు, ఇంజను మాత్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అరనిమిషానికోసారి క్లచ్చి పట్టి యాక్సిలరేటర్ ఒకసారి ఇవ్వమను. డ్రమ్ము బ్రేకులు కాబట్టి బయల్దేరే ముందు షూ మందం చూసుకోమను, 2 మి.మీ. కంటే తక్కువుంటే మార్చాలి. టైరు మీద నాలుగంకెల తేదీ కూడా చూడండి. 2214 అని ఉంటే 2014లో 22వ వారం, దాంతో ఘాట్ వద్దు.

బొబ్బిలి_ఆర్ఎక్స్
ఘాట్ ఎక్కి పైన ఆగగానే ప్లగ్గు విప్పి చూడమనండి. పలాస జీడిపప్పు దోరగా వేగినట్టుంటే బాగున్నట్టు. తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక నంబరు పెంచాలి. నల్లగా తడిగా ఉంటే టెక్కలి గారు చెప్పిన క్లచ్చి వైపు సీలు దగ్గరికి వెళ్ళండి. ప్లగ్గు కాలతాది, గుడ్డ పట్టుకెళ్ళండి.