సాలూరు కొండల్లో జలాశయాలా, సబ్‌స్టేషన్ల పక్కన బ్యాటరీలా?

చీపురుపల్లి పాఠకుడు:

ఎండ కాసే వేళ సౌరవిద్యుత్తు మిగిలిపోతోంది, దీపాలు పెట్టే వేళకు బొగ్గు కరెంటు మీద ఆధారపడాల్సి వస్తోంది. పగటి మిగులును రాత్రికి దాచేందుకు సాలూరు మండలం కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీటిని కొండమీది జలాశయానికి తోడి, తిరిగి కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టులను రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించింది. ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉన్నా, జిల్లాల విభజనకు ముందు ఈ రెండూ మన విజయనగరం జిల్లా ఊళ్లే. వీటికి బదులు బ్యాటరీలకు ప్రాధాన్యమిస్తే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ఎక్కువ మేలు జరుగుతుందా? తెలిసినవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, విజయనగరం:

నా మొగ్గు జలాశయాల వైపే. మిగులు కరెంటుతో కింది జలాశయంలోని నీటిని పైదానిలోకి తోడి, సాయంత్రం అదే నీటిని టర్బైన్ల మీదుగా వదిలితే, నూరు యూనిట్లకు 75 నుంచి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. బ్యాటరీలో 85 వరకూ వస్తాయన్నది నిజమే గానీ, దానిని పది పదిహేనేళ్లకు మార్చుకోవాలి. ఆనకట్టలు, సొరంగాలు నలభై ఏళ్లకు పైగా నిలుస్తాయి. పైగా లిథియం సెల్‌లు చాలావరకు చైనా నుంచి రావలసిందే, సిమెంటూ ఉక్కూ పనివాళ్లూ మాత్రం మన దగ్గరే ఉన్నారు. గరివిడి, బొబ్బిలి వైపు ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో అల్లాయ్ లోహాల కొలిములు రాత్రింబవళ్లు మండాలంటే గంటల తరబడి నిలకడగా వచ్చే కరెంటు కావాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టును కట్టగలిగిన రాష్ట్రానికి ఇది చేతకాని పని కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ప్రకటించిన ప్రణాళిక కూడా 2031-32 నాటికి దేశానికి సుమారు 27 గిగావాట్ల (గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు) పంప్డ్ స్టోరేజీ, 47 గిగావాట్ల బ్యాటరీలు కావాలని లెక్కగట్టింది. రెండూ తప్పవు కాబట్టి, కొండలున్న చోట కొండలను వాడుకోవడమే తెలివైన పని.

పలాస నుంచి ఒక వినియోగదారు:

ఇంజినీరు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే అవన్నీ కరెంటు తయారయ్యే చోట నిలబడి వేసిన లెక్కలు; అందే చోట నిలబడి కూడా ఒకసారి చూడాలని నా మనవి. సాలూరు కొండ మీద దాచిన కరెంటు పెద్ద లైనెక్కి గ్రిడ్‌లో కలిసిపోతుంది, అది పూండికి వస్తుందో పుణెకు పోతుందో నిర్ణయించేది కొనుగోలు ఒప్పందమే తప్ప మన అవసరం కాదు. ఇక్కడ ఫీడరు (సబ్‌స్టేషను నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైను) చివరి ఊళ్లలో, చీకటి పడి అందరూ స్విచ్చులు వేసేసరికి వోల్టేజీ ఎంత పడిపోతుందంటే, ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనిపిస్తాయి, నీళ్ల మోటారు గుర్రుమంటుందే గాని నీరు ఎక్కదు. గ్రిడ్‌లో ఎన్ని మెగావాట్లున్నా పొడవాటి 11 కేవీ లైనులో జరిగే ఈ నష్టం తీరదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఇరవై అడుగుల కంటైనరులో ఇప్పుడు సుమారు 5 మెగావాట్ అవర్ల బ్యాటరీలు, అంటే 5,000 యూనిట్లు, పడుతున్నాయి. సాయంత్రం నాలుగు గంటలపాటు ఇంటికి సగటున అర కిలోవాటు వాడకం అనుకుంటే ఒక్కో ఇంటికి రెండు యూనిట్లు. నష్టాలు తీసేసినా రెండు వేల ఇళ్లకు సరిపోతుంది. దానిని ఫీడరు మధ్యలో పెడితే వోల్టేజీ నిలబడుతుంది, ట్రాన్స్‌ఫార్మరు మీద భారమూ తగ్గుతుంది. బ్యాటరీ ప్యాకుల ధర 2010లో ఉన్నదానిలో పదో వంతు కంటే తగ్గి, 2024లో కిలోవాట్ అవర్‌కు, అంటే యూనిట్‌కు, ప్రపంచ సగటున సుమారు 115 డాలర్లకు చేరింది. ఆ లెక్కన కంటైనరులోని ప్యాకులకు సుమారు ఐదు కోట్ల రూపాయలు. ఇన్వర్టర్లూ మిగతా సరంజామా దానికి అదనం. ఇలాంటి ప్రాజెక్టుల పెట్టుబడిలో 40 శాతం వరకు భరించే పథకాన్ని కేంద్రం 2023 సెప్టెంబరులో ఆమోదించింది కూడా. జలాశయానికి ఏళ్లు పడుతుంది, కంటైనరుకు నెలలు చాలు.

ఇంకొక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటినప్పుడు జీడి, కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలి, ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వారానికి రెండుమూడు సార్లు వెళ్లేవారు ఇంతమంది ఉన్న ప్రాంతంలో, నిల్వ చేసిన కరెంటు ఎక్కడ ఉందన్నది ప్రాణంతో ముడిపడిన విషయం.

సాలూరు ప్రాంతవాసి:

కొండలున్న చోట కొండలను వాడుకోవాలన్న మాట మాకు కష్టంగా ఉంది. ఆ కొండల మీది ఊటగెడ్డలతోనే కింద వరి పండుతోంది, ఇళ్లకు నీరూ అక్కడిదే. 1955లో ఉత్పత్తి మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోసం జలపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి. ఆ కరెంటు వైజాగు చేరిన చాలాకాలానికి గాని ఏజెన్సీ పల్లెల్లో బల్బు వెలగలేదు. మాది షెడ్యూల్డు ప్రాంతం. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు అధికారమిచ్చే 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది గ్రామసభను ముందుగా అడగడానికే, కేటాయింపు జరిగాక కబురు చెప్పడానికి కాదు. షెడ్యూల్డు ప్రాంత భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంటూ సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు గనుల గురించే అయినా, ఇక్కడి భూమిని ప్రైవేటు కంపెనీల చేతిలో పెట్టే ముందు ప్రభుత్వం దానిని మరొకసారి చదవాలి.

విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, విజయనగరం:

గ్రామసభ విషయంలో సాలూరు వారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పలాస వారికి మాత్రం ఒక ప్రశ్న: తిత్లీలో పడిపోయినవి స్తంభాలు కదా, సబ్‌స్టేషన్లో బ్యాటరీ నిండుగా ఉన్నా తీగలు నేల మీద ఉంటే ఆ కరెంటు ఆసుపత్రికి ఎలా చేరుతుంది? కొన్ని గంటల్లోనే ఖాళీ అయ్యే బ్యాటరీతో కొలిమి నడవదన్న సంగతీ అలాగే ఉంది.

పలాస నుంచి ఒక వినియోగదారు:

స్తంభాల ప్రశ్న న్యాయమైనది. అందుకే సబ్‌స్టేషన్లతో పాటు పలాస, సోంపేట, కవిటి డయాలసిస్ కేంద్రాల ఆవరణల్లోనూ, తాగునీటి పథకాల పంపుహౌసుల్లోనూ విడిగా బ్యాటరీలూ, వాటిని నింపే సౌరఫలకాలూ పెట్టాలంటున్నాను. అక్కడ తీగ గోడ దాటనవసరం లేదు. కొలిముల సంగతికి వస్తే, రాత్రంతా నడిచే పరిశ్రమకు పెద్ద నిల్వ అవసరమేనని ఒప్పుకుంటాను, కానీ దాని ఖర్చునూ, దానికోసం భూమి ఇచ్చేవారి నష్టాన్నీ ఆ పరిశ్రమ కట్టే ధరలో కలిపి చూపమనండి. ఇక రణస్థలం, లావేరు వైపు బోర్ల రైతులకు పగటిపూట తొమ్మిది గంటలూ కోత లేకుండా ఇస్తే, ఆ ఎండ కరెంటు అప్పటికప్పుడే నీరుగా మారి మడిలోకి చేరుతుంది, దానికి ఏ నిల్వా అక్కర్లేదు. కురుకుట్టి గ్రామసభ తీర్మానం వచ్చేలోపు ఈ పనులన్నీ మొదలుపెట్టవచ్చు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తన ఫీడర్లలో సాయంత్రపు వోల్టేజీ ఎక్కడెక్కడ ఎంత పడుతోందో ప్రజల ముందు పెడితే, మొదటి కంటైనరు ఏ ఊళ్లో దించాలో ఈ వేదిక మీదే తేల్చుకోగలం.