స్టాండర్డ్ హెరాల్డా, శాన్ స్టార్మా? పాత కారు కొనుగోలు, బీమా విషయంలో సలహా కావాలి

పెన్నాతీరం (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా నాన్నగారు వేరుశనగ బస్తాలు నిలవ చేసుకొన్న రేకుల షెడ్డు నాలుగేళ్లుగా ఖాళీగా ఉంది. అందులో ఒక పాత స్పోర్ట్స్ కారును పెట్టుకొని, సెలవు రోజుల్లో నా చేతులతోనే ఒక్కొక్క భాగం విప్పి బాగుచేసుకోవాలని చాలాకాలంగా కోరిక. దీనికి నేను కూడబెట్టుకొన్నది నాలుగు లక్షల రూపాయలు. కారు ధర, దాన్ని ఇక్కడికి తెచ్చే ఖర్చు, కాగితాలు, బీమా, విడిభాగాలు అన్నీ ఇందులోనే సరిపోవాలి.

ప్రస్తుతం రెండు కార్లు చూసి ఉంచాను. మొదటిది బెంగళూరులో ఉన్న శాన్ స్టార్మ్, 2003లో రిజిస్టరు అయినది. రెండు సీట్లు, ఫైబర్ గ్లాస్ బాడీ, 1,149 సీసీ రెనో ఇంజను. చూడగానే మనసు లాగేసింది. అయితే సీ బుక్కు గడువు తీరి ఏళ్లు అయింది, బీమా కూడా లేదు. అడుగుతున్న ధర రెండు లక్షల డెబ్బై అయిదు వేలు. రెండవది చెన్నైలో ఒక ఇంటి పోర్టికోలో నిలిచిపోయిన 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. నాలుగు తలుపుల కారు, ఇంజను కదలడం లేదు, ధర లక్షా నలభై వేలు.

నా సందేహాలు రెండు. నాలాంటి కొత్తవాడు దేన్ని ఎంచుకోవడం మేలు? కారు ఏడాదికి పైగా షెడ్డులో ముక్కలుగా ఉండే కాలంలో బీమా అవసరమా? అవసరమైతే ఎలాంటిది తీసుకోవాలి, ఇంత పాత కారుకు విలువ ఎవరు కడతారు? నేను విచారించిన ఒక కంపెనీ వారు కారు వయసు వినగానే ఫోను పెట్టేశారు.

తుంగభద్ర (కర్నూలు)

మాస్టారూ, నేను కర్నూలు ఆటోనగరులో ముప్పై ఎనిమిదేళ్లు బండ్ల పని చేసినవాణ్ణి. హెరాల్డులు మూడింటిని పూర్తిగా విప్పి బిగించాను కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

ఇంజను బలాన్ని బట్టి హెరాల్డ్ స్పోర్ట్స్ కారు కాదు. 948 సీసీ ఇంజనుతో అది పెద్దగా పరుగెత్తదు. కాని దాని ఎముకలు మాత్రం స్పోర్ట్స్ కారువే. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన ఈ కారుకు రూపం గీసినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారును ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, పొట్టి చేసి కట్టారు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ కూడా ఆ కుటుంబంలోదే. బ్రిటన్‌లో ఈ కుటుంబం కార్ల విడిభాగాలు నేటికీ తయారవుతున్నాయి కనుక, తెప్పించుకోవడానికి ఖర్చైనా దారి మాత్రం మూసుకుపోలేదు. స్టార్మ్‌లో ఉన్న రెనో ఇంజను మన రోడ్లమీద విరివిగా తిరిగే ఏ కారులోనూ లేదు. దానికి ఒక సెన్సరు పోతే అనంతపురంలో మీరు ఎవరిని అడుగుతారు?

నేర్చుకోవాలనుకొనేవారికి హెరాల్డ్ అంత అనుకూలమైన కారు మరొకటి నేను చూడలేదు. బానెట్టు, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకొంటాయి. ముందు టైరుమీద కూర్చొని ఇంజను పని చేసుకోవచ్చు. బాడీ ఛాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి వెల్డింగు కోయకుండానే విడదీయవచ్చు.

చెన్నై వెళ్లినప్పుడు పెయింటు చూడకండి, కిందికి దూరి ఛాసిస్ చూడండి. సముద్రపు గాలి సోకిన కారు అది. ప్రధాన ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతులవంటి పట్టీలు ఉంటాయి, వాటిని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖణేలుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. తలుపుల చుట్టూ సందు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే ఛాసిస్ కుంగిందని అనుమానించాలి.

అంతకన్నా ముఖ్యమైనది ముందు చక్రాల దగ్గర కింది భాగంలో ఉండే ట్రనియన్. ఇత్తడి రంగు దిమ్మెలోకి ఉక్కు కడ్డీ మరలతో దిగి ఉంటుంది, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఆ మరల్లోనే తిరుగుతుంది. దానికి వేయవలసింది గ్రీజు కాదు, ఈపీ 90 గేరు ఆయిలు. మన దగ్గర అలవాటు ప్రకారం అందరూ గ్రీజు కొట్టారు. గ్రీజు లోపలి మరలదాకా చేరదు, నీళ్లు చేరతాయి, కడ్డీ మెడ దగ్గర తుప్పు తింటుంది, ఒకనాడు మలుపులో విరిగి చక్రం పక్కకు వాలిపోతుంది. నేను విప్పిన మూడింటిలో ఒకదానికి ఆ కడ్డీ సగం మందమే మిగిలి ఉండటం కళ్లారా చూశాను. తుడిచిన గుడ్డమీద కాఫీ పొడి వంటి ఎర్రటి తుప్పు నలక కనబడితే ఆ కడ్డీలు రెండూ మార్చేదాకా కారును రోడ్డెక్కించవద్దు.

ఇంకొక మాట. దీని వెనుక చక్రాలు ఊగే ఇరుసుకు కట్టి ఉంటాయి. వేగంగా మలుపు తిరుగుతూ ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలితే వెనుక చక్రం కిందికి ముడుచుకొంటుంది. ఘాటు రోడ్డులో మలుపుకు ముందే వేగం తగ్గించుకోవడం అలవాటు చేసుకోండి.

గండికోట (కడప)

పెన్నాతీరం గారూ, నేను కడపలో మోటారు బీమా సర్వేయరును. బీమా గురించి వివరంగానే రాస్తున్నాను, ఎందుకంటే పాత కార్లవారు కష్టపడి బాగుచేసుకొన్న తరువాత కాగితంమీది ఒక అంకె దగ్గర నష్టపోవడం నేను పదేపదే చూస్తున్నాను.

మొదట థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండివల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో నడిపే ప్రతి బండికీ ఇది తప్పనిసరి. లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకు 3,416 రూపాయలు, వీటిపై జీఎస్టీ అదనం. హెరాల్డ్ మొదటి తరగతిలోకి, స్టార్మ్ రెండవదానిలోకి వస్తాయి. కారు ఎక్కడ ఉన్నా, తెచ్చేటప్పుడు లారీమీద ఎక్కించి తెండి. బీమా లేని బండిని తాడు కట్టి లాగించుకొని రావద్దు.

ఇక కారుకు జరిగే నష్టానికి బీమా. అయిదేళ్లు దాటిన కారు విలువను, అంటే ఐడీవీని, పట్టిక ప్రకారం కాకుండా కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకొని నిర్ణయిస్తారు. మీ ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది. ఫోనులోనూ ఆన్‌లైన్‌లోనూ ఈ బేరం కుదరదు. ప్రభుత్వ రంగ కంపెనీ శాఖకు స్వయంగా వెళ్లి మేనేజరుతో మాట్లాడాలి. మీరు ఖర్చుపెట్టే ప్రతి రూపాయికీ బిల్లు తీసుకోండి, పని జరిగే ప్రతి దశలో తేదీతో ఫొటోలు తీయండి, పని అయ్యాక గుర్తింపు ఉన్న సర్వేయరు చేత విలువ నివేదిక రాయించండి. నాలుగు లక్షలు పెట్టిన కారుకు ప్రీమియం తగ్గుతుందని అరవై వేల ఐడీవీ రాయించుకొంటే ఏమవుతుందో చూడండి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారు పూర్తిగా నష్టమైనట్లు లెక్కిస్తారు. అంటే నలభై అయిదు వేలు దాటిన చిన్న ప్రమాదానికే అరవై వేల లెక్క కట్టి, మీ ఏళ్ల శ్రమను తుక్కు కింద ముగించేస్తారు.

తరుగుదల కూడా తెలిసి ఉండాలి. పదేళ్లు దాటిన కారుకు ఇనుప భాగాల ఖర్చులో సగమే ఇస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు కూడా సగమే. ఫైబర్ గ్లాస్ భాగాలకు మాత్రం కోత 30 శాతం, అద్దాలకు కోత లేదు. ఇరవై వేల ఫైబరు ముక్క విరిగితే స్టార్మ్ యజమానికి పద్నాలుగు వేలు లెక్కకు వస్తాయి, అదే ఖరీదుగల హెరాల్డ్ ఇనుప తలుపుకు పదివేలే వస్తాయి.

కారు షెడ్డులో విప్పి ఉన్నంతకాలం, అగ్నిప్రమాదానికీ దొంగతనానికీ మాత్రమే వర్తించే పరిమిత పాలసీ అడగండి. గ్యారేజీలో నిలిపి ఉంచిన బండ్లకు అటువంటి ఏర్పాటు ఉంది. విప్పిన భాగాలన్నీ అదే చిరునామాలో ఉన్నట్లు జాబితా రాసి ఇవ్వడం మంచిది.

అన్నింటికన్నా ముందు రిజిస్ట్రేషను బతికి ఉండాలి. గడువు తీరిన తాత్కాలిక రిజిస్ట్రేషనుతో తిరిగిన బండి దొంగతనానికి గురైతే బీమా సొమ్ము ఇవ్వనవసరం లేదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీరు చూసిన స్టార్మ్ విషయంలో దీన్ని గుర్తుంచుకోండి. యాజమాన్యం మారిన 14 రోజుల్లోగా పాలసీని మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనసు, అంటే క్లెయిములు చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, వారితోనే పోతుంది, మీకు రాదు.

గుత్తికోట (గుత్తి)

సార్, ఇద్దరు పెద్దలు చెప్పినదానికి నా అనుభవం ఒకటి జోడిస్తాను. ఆరేళ్ల కిందట పక్క రాష్ట్రం నుంచి ఒక కాంటెస్సా కారు కొన్నాను. అమ్మిన మధ్యవర్తి ఎన్‌ఓసీ (బండిని వేరే చోటికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే పత్రం) చేతిలో పెట్టగానే డబ్బు మొత్తం ఇచ్చేశాను. ఇక్కడ తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు గారు ఛాసిస్ నంబరు చెక్కిన చోట థిన్నరుతో పెయింటు తుడిపించి, మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దారు. కాగితంమీద తేలిన నంబరులో 3 ఉంది, సీ బుక్కులో 8 ఉంది. ఏనాడో ఏదో కార్యాలయంలో ఎవరో నకలు రాసేటప్పుడు చేసిన పొరపాటు అది. దాన్ని సరిచేయించుకోవడానికి నేను ఆ ఊరికి అయిదుసార్లు తిరిగాను, ఎనిమిది నెలలు కారు కదలలేదు, మధ్యవర్తి ఫోను ఎత్తలేదు. ఇప్పటికీ తలుచుకొంటే బాధగానే ఉంటుంది.

అందుకని బయానా ఇవ్వకముందే మీరే ఆ పెన్సిలు ముద్ర తీసుకోండి. హెరాల్డ్‌కు మూడు అక్షరాల పాత నంబరు ఉంటే, ఆ పాత రిజిస్టరు వివరాలు బండ్ల రిజిస్ట్రేషన్లు ఉండే ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్ పోర్టల్‌లోకి ఎక్కాయో లేదో అమ్మేవారి చేతనే అక్కడి కార్యాలయంలో చూపించుకోండి. ఎక్కకపోతే ఎక్కించే బాధ్యత వారిదే అని కాగితంమీద రాయించుకోండి. ఫారం 28తో ఎన్‌ఓసీ, 29, 30 ఫారాలతో యాజమాన్య మార్పు, ఆ తరువాత ఇక్కడి నంబరుకు ఫారం 27, దానితోపాటు ఇక్కడి జీవిత పన్ను. ఈ వరుస తప్పకూడదు.

ఖర్చు సంగతి కూడా వినండి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను రెన్యువలుకు రుసుము 10,000 రూపాయలు, అది అయిదేళ్లకు చెల్లుతుంది. గడువు తప్పితే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము అదనం. హెరాల్డ్‌కు యాభై ఏళ్లు దాటాయి కనుక 2021 నిబంధనల కింద వింటేజ్ (పురాతన వాహన) రిజిస్ట్రేషను కూడా అడగవచ్చు. పదేళ్లు చెల్లుతుంది, పాత నంబరు నిలుపుకోవచ్చు. కాని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తప్ప రోజువారీగా నడపకూడదు, ఛాసిస్, బాడీ, ఇంజను మూలరూపంలో ఉండాలి. మీరు ఆదివారం పూట పెనుకొండదాకా వెళ్లి రావాలనుకొంటే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోండి.

పెన్నాతీరం (అనంతపురం)

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ పది రోజుల్లో జరిగింది చెబుతాను. బెంగళూరు స్టార్మ్ యజమానిని రిజిస్ట్రేషను రెన్యువలు చేయించి ఇవ్వమని అడిగాను. ఆ ఖర్చు ధరలో తగ్గిస్తానన్నారు కాని, తిరగడం మాత్రం నన్నే తిరగమన్నారు. మనసుకు కష్టమైనా అది వదులుకొన్నాను.

నిన్న చెన్నై వెళ్లి హెరాల్డ్ చూశాను. ఛాసిస్ నంబరుమీద కాగితం పెట్టి రుద్దితే ప్రతి అంకె సీ బుక్కుతో సరిపోయింది. ఎడమవైపు వెనుక పట్టీ ఒకటి మొద్దుగా మోగింది, మిగిలినవి గట్టిగా ఉన్నాయి. కుడి ట్రనియన్ తుడిచిన గుడ్డమీద తుంగభద్ర గారు చెప్పిన ఎర్రటి నలక వచ్చింది, ఎడమది శుభ్రంగా ఉంది. ఆ గుడ్డను యజమానురాలైన పెద్దావిడకే చూపించి విషయం వివరిస్తే, ధర లక్షా పాతిక వేలకు తగ్గించారు. వాహన్‌లో వివరాలు ఎక్కించాకే ఎన్‌ఓసీకి దరఖాస్తు చేస్తామని రాసిచ్చారు. పదివేలు బయానా ఇచ్చి వచ్చాను.

గండికోట గారూ, లారీ దిగిన రోజే పరిమిత పాలసీ తీసుకోవాలనుకొంటున్నాను. అప్పటికి కారు నా పేరుకు మారి ఉండదు కదా, దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలి?

గండికోట (కడప)

యాజమాన్యం మారకముందు పాలసీ ఆవిడ పేరుమీదే ఉండాలి. మీ పేరున తీసుకొంటే క్లెయిమ్ సమయంలో సీ బుక్కుతో పేరు కలవక తిరస్కరిస్తారు. కాబట్టి ఎన్‌ఓసీ, 29, 30 ఫారాల పని పూర్తయ్యేదాకా కారును ఆవిడ పోర్టికోలోనే ఉండనివ్వండి. ఎలాగూ అన్నేళ్లు అక్కడే ఉంది. పేరు మారిన రోజున పాలసీ, ఆ మరునాడు లారీ.

తుంగభద్ర (కర్నూలు)

మాస్టారూ, ఒక్క వైపే శుభ్రంగా ఉందని ఎడమ కడ్డీని వదిలేయకండి, రెండూ కలిపే తెప్పించండి. కారు దిగాక కబురు చేస్తే ఒక ఆదివారం నేను అనంతపురం వస్తాను. ఇంజను పట్టేసిందన్నారు కనుక, నేను వచ్చేదాకా ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం డీజిలూ ఇంజను ఆయిలూ కలిపి పోసి ఉంచండి. తోసిగాని, స్టార్టరుతోగాని బలవంతంగా తిప్పవద్దు.