అప్‌డేట్: రిటర్న్ లూప్‌లో షార్ట్ సమస్య తీరింది
నా హెచ్‌ఓ (1:87 సైజు) మోడల్ రైళ్ల లేఅవుట్‌కు డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) అమర్చాక, ఇంజిన్ రిటర్న్ లూప్ (రైలు చుట్టి మళ్లీ అదే దారిలోకి వచ్చే వలయం) చుట్టి వచ్చేసరికి కమాండ్ స్టేషన్ (పట్టాలకు ఆదేశాలు, కరెంటు ఇచ్చే పరికరం) షార్ట్ చూపి ఆగిపోతోందని గతంలో అడిగాను. మీరు చెప్పినట్లే ఎడమ పట్టా చుట్టి వచ్చి కుడి పట్టాతో కలవడమే కారణం. లూప్ రెండు చివర్లా రెండు పట్టాలనూ కోసి, ప్లాస్టిక్ జాయినర్లు వేసి, లోపలి భాగానికి ఆటో రివర్సర్ (పట్టాల ధ్రువాలను తనంతట తానే తారుమారు చేసే పరికరం) ద్వారా కరెంటు ఇచ్చాను. ఆ భాగం రైలు కంటే పొడవుగా ఉండాలన్న సలహా ఎంతో విలువైనది; నేను మొదట కోసిన చోట, చివరి పెట్టె లోహపు చక్రాలు ఒక గ్యాప్ దాటకముందే ఇంజిన్ రెండో గ్యాప్‌కు చేరి మళ్లీ షార్ట్ అయ్యేది.

కావాలనే షార్ట్ చేసి పరీక్షించడానికి పట్టాలపై అడ్డంగా రూపాయి నాణెం పెట్టి చూస్తే, దూరపు మూలన కమాండ్ స్టేషన్ ట్రిప్ కాలేదు, అంటే కరెంటు ఆపలేదు. షార్ట్ అయినా కరెంటు పారుతూనే ఉంటే పట్టాలు, డీకోడర్లు (ఇంజిన్‌లో ఆదేశాలు అందుకునే చిప్‌లు) వేడెక్కి పాడవుతాయి గనుక, పట్టాలకు కరెంటు తెచ్చే సన్నని తీగ తీసి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాను. వెంటనే ట్రిప్ అయింది. ఇక కొత్త ఇంజిన్ అడ్రస్‌ను (ఆదేశాలు అందుకునే నంబర్‌ను) కంపెనీ పెట్టి పంపే 3 నుంచి మార్చడమే మిగిలింది.