విజయవాడ కొండల మీద మిగిలిన చిన్న జంతువులు: పచ్చని దారులతో కలపాలా, ఉన్న తావులనే కాపాడాలా?

మొగల్రాజపురం నివాసి (చర్చ ప్రారంభం):

ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, మొగల్రాజపురం కొండలు, గుణదల కొండ ఒకప్పుడు పొదలు, పొలాలు, తోటల మీదుగా ఒకదానికొకటి అందుబాటులో ఉండేవి. ఇప్పుడు వాటి చుట్టూ ఇళ్లు, రైలు పట్టాలు, కాలువలు, జాతీయ రహదారులు ఉన్నాయి. కొండవాలుల మీదికి కూడా ఇళ్లు చాలా దూరం ఎక్కేశాయి. అయినా పైన మిగిలిన రాళ్ల సందుల్లో, ముళ్లకంపల్లో ముంగిసలు, చిట్టెలుకలు, చుంచెలుకలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వీటిని ఇలా కొండకొక గుంపుగా వదిలేస్తే రక్తసంబంధం ఉన్నవే జతకట్టి, జన్యు వైవిధ్యం తరిగి, గుంపులు ఒక్కొక్కటిగా తుడిచిపెట్టుకుపోతాయని నా భయం. అందుకే కాలువగట్లు, రైల్వే స్థలాల అంచులు, పెద్ద మురుగు కాలువల ఒడ్డులు కలుపుకుంటూ పొదలతో కూడిన పచ్చని దారులు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఈ భయానికి లెక్క ఉంది. ఒకచోట పిల్లల్ని కనే జంతువులు తక్కువైనప్పుడు ప్రతి తరంలోనూ కొన్ని జన్యు రూపాలు మంచివైనా చెడ్డవైనా కేవలం యాదృచ్ఛికంగా జారిపోతాయి. దీన్నే జన్యు విస్థాపం అంటారు. సంతానంలో సమానంగా పాలుపంచుకునే జంతువులు 50 ఉంటే తరానికి సుమారు 1 శాతం వైవిధ్యం పోతుంది, 10 మాత్రమే ఉంటే 5 శాతం పోతుంది. పదింటితో పది తరాలు గడిస్తే దాదాపు 40 శాతం హరించుకుపోయినట్టే. ఏనుగుకు పది తరాలంటే రెండు వందల ఏళ్ల పైమాట, పుట్టిన కొన్ని నెలలకే పిల్లలు పెట్టే చిట్టెలుకకు మాత్రం అవి నాలుగైదేళ్లు కూడా కావు. మన రోడ్ల వయసు అంతకంటే చాలా ఎక్కువ. తరానికి ఒకటి రెండు జంతువులు బయటి నుంచి వచ్చి అక్కడ సంతానం కన్నా ఈ నష్టం చాలావరకు అదుపులో ఉంటుందని జనాభా జన్యుశాస్త్రం చెబుతోంది కనుక, మనం అడుగుతున్నది అసాధ్యమైనదేమీ కాదు. సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు:

మీ లెక్క సరైనదే. కానీ అందులోని మొదటి అంకె, అంటే ఒక్కో కొండ మీద నిజంగా సంతానం కంటున్న జంతువులెన్ని అన్నది తేలకుండా దారుల దాకా వెళ్లకూడదని నా అభిప్రాయం.

న్యూయార్క్ నగరంలో తెల్లకాళ్ల ఎలుక అనే అడవి ఎలుక పార్కుల్లో విడివిడిగా మిగిలింది. జేసన్ మున్షీ-సౌత్ బృందం 18 మైక్రోశాటిలైట్ గుర్తులతో (డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న భాగాలతో) వాటిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. దాదాపు ప్రతి పార్కు ఎలుకలూ మిగతా పార్కుల వాటి నుంచి జన్యుపరంగా వేరుపడ్డాయి. ఏ ఎలుక ఏ పార్కుదో డీఎన్ఏ చూసి చాలావరకు చెప్పగలిగేంత తేడా వచ్చింది. అయినా ఆయా పార్కుల లోపల వైవిధ్యం మాత్రం ఎక్కువగానే నిలిచి ఉంది. పార్కు చిన్నదైనా దట్టమైన కిందిపొద ఉండి, వేటాడే జంతువులు, పోటీపడే జంతువులు తక్కువైతే ఆ ఎలుకలు కిక్కిరిసి పెరుగుతాయి. సంఖ్య నిలబడినంతకాలం జన్యు విస్థాపం నెమ్మదిగానే సాగుతుంది. కాబట్టి రెండు గుంపులు వేరుపడ్డాయని రుజువు చేసినంత మాత్రాన అవి పలచబడిపోయాయని రుజువు కాదు. మన చర్చలో ఈ రెండింటినీ కలిపేస్తున్నాం.

ఏ అడ్డంకి నిజంగా అడ్డంకో కూడా చూడాలి. జర్మనీలోని కాన్‌స్టాంజ్ ప్రాంతంలో బ్యాంక్ వోల్ అనే పొట్టితోక ఎలుక మీద జరిగిన పరిశోధనలో, పెద్ద రహదారికి అటూ ఇటూ ఉన్న గుంపులు జన్యుపరంగా విడిపోయాయి. కానీ పల్లె రోడ్డు, రైలు పట్టా వాటిని విడదీయలేకపోయాయి. మన దగ్గర ఉడుతను చూడండి. బందరు రోడ్డు మీద ఎన్ని వాహనాలు తిరిగితే దానికేమిటి, కేబుల్ తీగ పట్టుకుని అవతలి వేపచెట్టు చేరుతుంది. నేలమీద పొదను విడిచి పది అడుగులు వేయడానికి జంకే చిట్టెలుకకు అదే రోడ్డు దాటరాని ఏరు. చిన్న జంతువులన్నిటినీ ఒకే గాటన కట్టి ఒకే మందు రాస్తే కుదరదు.

నా అసలు ఆందోళన వేరే ఉంది. థాయ్‌లాండ్‌లో 1980ల చివర చ్యూ లాన్ జలాశయం నిండినప్పుడు కొండ శిఖరాలు దీవులుగా మిగిలాయి. 10 హెక్టార్ల లోపు దీవుల మీద అడవి చిన్న క్షీరదాలు సుమారు 5 ఏళ్లలో, 10 నుంచి 56 హెక్టార్ల దీవుల మీద 25 ఏళ్లలో దాదాపు పూర్తిగా అంతరించాయని 2013లో పరిశోధకులు తేల్చారు. తావు ఇరుకు కావడంతో పాటు, బయటి నుంచి వచ్చి విపరీతంగా పెరిగిన ఒక పొలం ఎలుక కూడా అందుకు కారణమని వారు చూపించారు. మన భవానీ ద్వీపం సుమారు 130 ఎకరాలు, అంటే 53 హెక్టార్ల దరిదాపు. మన కొండల మీద కట్టడం లేకుండా మిగిలిన భాగాలను ఎవరైనా కొలిస్తే ఏ కోవలోకి వస్తాయో ఆలోచించండి. వైవిధ్యం తరిగి జబ్బుపడే లోపే జంతువే లేకుండా పోయే ప్రమాదం ఉంది. ముందు కొండవాలుల మీద ఆక్రమణ ఆగాలి, వేసవి మంటలు ఆగాలి, పొద నిలవాలి. దారులు ఆ తర్వాతి మాట.

కాలువగట్టు (కాలువల మీద ఉద్యోగం చేసి విరమించినవాడిని):

మేడం గారూ, గౌరవంతో ఒక మాట. మీరూ, మొదట రాసిన పెద్దలూ కాలువను అడ్డంకిగానే చూస్తున్నారు. బ్యారేజీ దగ్గర బయలుదేరే ఏలూరు, రైవస్, బందరు కాలువలు మూడూ 19వ శతాబ్దంలో ఆనకట్టతో పాటు వచ్చినవే. నూట యాభై ఏళ్లకు పైగా జంతువులు వాటితో కాపురం చేస్తున్నాయి. పందికొక్కు బాగా ఈదుతుంది, దానికి నీళ్లు లెక్కే కాదు. ముంగిస సంగతి వేరు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, అడుగున బురద ఆరీ ఆరక ఉన్న రోజుల్లో తెల్లవారుజామున గట్టు మీద నడిస్తే ఒడ్డు నుంచి ఒడ్డుకు సన్నని అడుగుల వరుస కనిపిస్తుంది. అయిదు వేళ్లు, వేళ్ల ముందు గోళ్ల గీతలు, పక్కనే అక్కడక్కడ తోక ఈడ్చిన గుర్తు. నీళ్లున్నప్పుడు అదే ముంగిస తూము పక్క గోడంచు మీదుగా దాటడం కూడా చూశాను.

ఈ రాకపోకలను చంపింది నీళ్లు కాదు, గోడ. మట్టి గట్టు ఉన్నన్నాళ్లూ వాలు ఉండేది, రెల్లు ఉండేది, సర్కారు తుమ్మ నీడ ఉండేది. గట్టు తీసి నిటారుగా కాంక్రీటు గోడ లేపిన చోట ఒకసారి కాలువలోకి దిగిన జంతువు ఎక్కి బయటపడలేదు. కాబట్టి కొత్తగా దారులు వేయడం కంటే ఉన్న దారిని మూసేయకుండా ఉండటం ముఖ్యమని నా వాదన.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు:

అడుగుల వరుస విలువైన ఆధారమే, కాదనను. అయితే దాటడం, దాటినచోట సంతానం కనడం ఒకటి కావు. కాలిఫోర్నియాలో వెంచురా ఫ్రీవే అనే పెద్ద రహదారికి ఇరువైపులా ఉన్న కయోటీలు (తోడేలును పోలిన జంతువులు), బాబ్‌క్యాట్‌ల (ఒక రకం అడవిపిల్లుల) మీద 2006లో వెలువడిన పరిశోధనలో, రోడ్డు దాటి వచ్చిన జంతువులు ఉన్నా అవి సంతానం కన్నది చాలా తక్కువని తేలింది. రోడ్డు అంచునే జంతువుల హద్దులు ఇరుక్కుపోయి, కొత్తగా వచ్చినదానికి చోటు దొరకలేదు. ముంగిస కూడా వేటాడే జంతువే కనుక ఈ అనుమానం దానికీ వర్తిస్తుంది. బురదలోని అడుగులతో పాటు రెండు ఒడ్డుల మీది మలంలోని డీఎన్ఏ కూడా ఒకే మాట చెబితేనే నేను ఒప్పుకుంటాను. ఆ పని మనకు అందనిది కాదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి నమూనాల మీదే పనిచేస్తోంది.

సింగ్‌నగర్ వైద్యుడు:

నేను ఈ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ప్రాంతాన్ని ముంచినప్పుడు రోజుల తరబడి జనం మురికినీళ్లలోనే నడిచారు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం, అలాంటి వేళ ఎంత ప్రమాదమో మాకు తెలుసు. ఇళ్ల మధ్య నుంచి పొదల బాట వేస్తే ముందుగా దాన్ని వాడుకునేది పందికొక్కు. మనుషుల ఆరోగ్యాన్ని పక్కనపెట్టి ముంగిస జన్యువుల గురించి మాట్లాడటం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

మొగల్రాజపురం నివాసి:

డాక్టరు గారూ, మీ ఆందోళన నాకూ ఉంది. అయితే పందికొక్కుకు మనం దారి వేయాల్సిన పని లేదు, నగరంలోని ప్రతి మురుగు కాలువా దానిదే. మన్‌హటన్‌లోని గోధుమరంగు ఎలుకల డీఎన్ఏ చూసినప్పుడు, ఎగువ భాగం, దిగువ భాగం అని రెండు గుంపుల తేడా కనిపించినా, ద్వీపమంతటా వాటి రాకపోకలు తెగనేలేదని తేలింది. చెత్త, మురుగు ఉన్నచోట అవి కలుస్తూనే ఉంటాయి. నగరం ముక్కలు చేసేది మనిషి ఎంగిలి మీద బతకని జంతువులను మాత్రమే. పైగా పందికొక్కు పిల్లలను తినే ముంగిస కొండ మీద లేకుండా పోతే మీ పేటకు మేలు జరగదు. పొదల బాటను చెత్తకుప్పలకు దూరంగా, ఆహారం పారేయని చోట్ల మాత్రమే వేయాలన్న షరతు మీరు పెడితే నేను సంతోషంగా అంగీకరిస్తాను.

సింగ్‌నగర్ వైద్యుడు:

ఆ షరతు కాగితం మీద కాక నేలమీద అమలైతే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. బుడమేరు ఒడ్డును మాత్రం ఈ దారుల్లో కలపవద్దని నా మనవి.

పరిశోధక విద్యార్థి:

వైవిధ్యం తరిగితే నాశనమే అన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. కాలిఫోర్నియా తీరాన శాన్ నికొలస్ ద్వీపం మీది చిన్న నక్క జన్యువుల్లో తేడాలు దాదాపు లేవు. అడవి జంతువుల్లో అంత తక్కువ వైవిధ్యం చాలా అరుదు. అయినా అది బతికే ఉంది. అలాంటప్పుడు కొండల మీది చిట్టెలుకల కోసం ఇంత ఖర్చు ఎందుకు?

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు:

బతికి ఉన్నదాన్ని మాత్రమే చూసి లెక్క వేస్తే పోయినవి లెక్కలోకి రావు. ఆ నక్క బంధువే అయిన శాంటా కటలీనా ద్వీపపు నక్క 1999లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి సోకి దాదాపు 90 శాతం చనిపోయింది. ఆ పతనానికి జన్యు లోపమే కారణమని నేను అనను. విడిగా పడి ఉన్న చిన్న గుంపుకు ఒక్క దెబ్బ చాలని చెబుతున్నాను. బంధనంలో పెంచి, టీకాలు వేసి, ఎంతో శ్రమతో దాన్ని నిలబెట్టారు. చిట్టెలుకకు అలా ఎవరు టీకా వేస్తారు?

బయటి నుంచి కొత్త రక్తం వస్తే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడా పాంథర్ అనే ప్యూమా జాతి పెద్దపిల్లి చూపించింది. రెండు మూడు పదుల సంఖ్యకు దిగజారి, తోక వంకరతో, గుండె లోపాలతో పిల్లలు పుడుతున్న దశలో 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ జంతువులను తెచ్చి వదిలారు. ఆ తర్వాత లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది. కాబట్టి కలపడానికి నేను వ్యతిరేకిని కాను. మున్షీ-సౌత్ 2012లో ప్రచురించిన మరో పరిశోధనలో, పార్కుల మధ్య చెట్ల నీడ ఉన్న మేరకే ఆ ఎలుకల జన్యు ప్రవాహం, అంటే ఒక గుంపు జన్యువులు మరో గుంపులోకి చేరడం, సాగుతోందని కూడా తేలింది. ఇది మొదట రాసిన వారి పక్షాన నిలిచే ఆధారం. నేను అడిగేది వరుసక్రమం మాత్రమే. మన నగరానికి పడమర కొండపల్లి రిజర్వు అడవి ఉంది. అలాంటి పెద్ద అడవి నుంచి ఇంద్రకీలాద్రి వరుస దాకా తెగకుండా నిలిచే ఒక్క దారి, నాలుగు చిన్న కొండల మధ్య వేసే నాలుగు దారుల కంటే విలువైనది. రెండు పేద గుంపులను కలిపినా వచ్చేది పెద్దగా ఉండదు.

మొగల్రాజపురం నివాసి:

కొండపల్లి ముఖ్యమని ఒప్పుకుంటాను. కానీ ఆ వైపు దారి పూర్తయ్యేదాకా తూర్పు కొండలను ఆగమని చెప్పలేను. మీరు సరైనదన్న లెక్క ప్రకారమే, పది జంతువులు మిగిలిన కొండకు అయిదేళ్లు చాలా ఎక్కువ సమయం. కొండవాలు రక్షణ, గట్టు మీది పొదల నిర్వహణ వేర్వేరు శాఖల పనులు కనుక ఒకటి మరొకదాని కోసం ఆగాల్సిన అవసరమూ లేదు. ఇక్కడ మన ఇద్దరికీ తేడా ఉందని, ఉండనివ్వాలని అనుకుంటున్నాను.

కాలువగట్టు:

ఎవరి వరుస గెలిచినా ఒక పనికి అభ్యంతరం ఉండకూడదు. గట్టు మీద పచ్చదనం పేరిట గడ్డి పరిచి, కత్తిరించిన పూలమొక్కలు పెట్టి, కింద పొదనంతా చెక్కేస్తే చిట్టెలుకకు అది కాంక్రీటుతో సమానం. కిందిపొద ఉండాలి, ఎండుటాకు ఊడ్చేయకుండా ఉండాలి. ఇక గోడ తప్పదనుకున్న చోట, కొంత దూరానికొకసారి గోడ ఆపి, పాత పద్ధతిలో రాతి రివిట్‌మెంట్‌ను (గట్టు కోసుకుపోకుండా పేర్చే రాళ్లను) వాలుగా పరిచి, రాళ్ల సందుల్లో సిమెంటు పూయకుండా వదిలేస్తే చాలు. పడిన జంతువు ఎక్కి వస్తుంది, సందుల్లో గడ్డి దానంతటదే మొలుస్తుంది. నీటి పారుదలకు దాని వల్ల నష్టం లేదని నా ఉద్యోగానుభవంతో చెప్పగలను.