రోజూ నడిపే కారుకి పెయింట్ కరెక్షన్ (పాలిష్ పట్టి పెయింట్ మీది గీతలు తీయడం) ఎంతవరకు చేయిస్తే చాలు?

అందరికీ నమస్కారం. నా కారు నలుపు రంగుది, ఎప్పుడూ ఆరుబయటే ఉంటుంది. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి స్విర్ల్ మార్కులు. నీడలో ఏమీ కనిపించవు.

కాంపౌండ్ (గరుకు పేస్ట్ పెట్టి రుద్దడం), పాలిష్, ఫినిషింగ్ అని మూడు దశల్లో ఒక్క గీత కూడా మిగలకుండా చేస్తామని ఒక డిటైలర్ అంటున్నారు. నా టెన్షన్ అంతా క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొర గురించే. అది మామూలుగా 40-50 మైక్రాన్ల మందమే. కాంపౌండ్ చేసిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, అరిగింది మళ్లీ రాదు. ఎండ నుంచి రంగును కాపాడేదీ ఆ పొరే. పైగా గోటికి తగిలేంత లోతు గీతల్ని పూర్తిగా తీయాలనుకోవడం ప్రమాదమే కదా? కడిగేటప్పుడు కొత్త గీతలు ఎలాగూ పడతాయి.

అందుకే డ్యుయల్ యాక్షన్ (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) మెషీన్‌తో ఒకే దశ పాలిష్ చేయించి, సీలెంట్ (రక్షణ పూత) వేయించి, మిగిలిన గీతలతో సర్దుకుపోదామనుకుంటున్నాను. నలుపు మీద అది తృప్తినిస్తుందా? అలా చేయించినవాళ్లు ఏడాది తర్వాత ఎలా ఉందో దయచేసి చెప్పండి. ముందే గేజ్‌తో పెయింట్ మందం కొలిపించాలా? రీడింగ్ ఎంత ఉంటే ఆ ప్యానెల్ జోలికి వెళ్లకూడదు?