కెరుబీనోగా మగ గాయకుడా?

శ్రీను_డబ్లిన్:
మొన్న మొజార్ట్ ఒపెరా 'మ్యారేజ్ ఆఫ్ ఫిగారో' వీడియో ఒకటి చూశాను. కెరుబీనో అనే కుర్రాడి పాత్రను మగాయనే పాడాడు, అదీ ఆడవాళ్ల శ్రుతిలో. మా ఆఫీసులో ఒకావిడ "అది మెజో సొప్రానోల (మధ్యస్థాయి గొంతున్న గాయనుల) పాత్ర, వాళ్ల పొట్ట కొడుతున్నారు" అంటుంది. మగపిల్లాడి వేషం మగాడు వేస్తే తప్పేంటి? హ్యాండెల్ ఒపెరాల్లో ఇలాగే పాడతారుగా?

వసంత_ఆల్టో:
ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి శ్రీను గారూ. 1724లో లండన్‌లో హ్యాండెల్ 'జూలియో చేజారే' వేసినప్పుడు సీజర్ పాత్ర సెనెసీనో అనే కాస్ట్రాటోది, అంటే గొంతు మారకుండా చిన్నప్పుడే వృషణాలు తీసేసిన గాయకుడిది. ఇప్పుడు కాస్ట్రాటోలు లేరు కాబట్టి కౌంటర్‌టెనరో (ఆడవాళ్ల శ్రుతిలో పాడే మగ గాయకుడు), మెజోనో ఎవరో ఒకరు పాడక తప్పదు. కెరుబీనో అలా కాదు. 1786లో వియన్నాలో మొదట పాడిందే డొరొతేయా బుస్సాని అనే గాయని.

రెండో అంకం మళ్లీ చూడండి. సుసన్నా కెరుబీనోని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఇటు తిరుగు, కదలకు అంటూ ఆడపిల్లలా ముస్తాబు చేస్తుంది. మగవేషంలో ఉన్న ఆడమనిషికి మళ్లీ ఆడవేషం! గమ్మత్తంతా అదే. మగాడు పాడితే అందులో సగం ఎగిరిపోతుంది.

రాంబాబు:
గమ్మత్తు ఒక్కటే చాలదండీ. 'ఫ్లెడర్‌మౌస్' అనే ఒపెరెటాలో రాకుమారుడు ఆర్లోఫ్‌స్కీ కూడా మెజో పాత్రే, కానీ కౌంటర్‌టెనర్ యోఖెన్ కొవాల్‌స్కీ పాడింది వినండి, విసుగెత్తిన రాకుమారుడంటే అలా ఉండాలి. 2019లో లండన్ రాయల్ ఒపెరా హౌస్‌లో కాంగ్‌మిన్ జస్టిన్ కిమ్ అనే కౌంటర్‌టెనర్ కెరుబీనో పాడాడు, కొంపలేం మునగలేదు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఒప్పుకున్నవాళ్లమే కదా మనం!

వసంత_ఆల్టో:
స్థానం వారిని ఇందులోకి లాగకండి రాంబాబు గారూ. ఆ రోజుల్లో మన స్టేజీ ఎక్కే ఆడవాళ్లే తక్కువ. ఆ పోలిక 1730 నాటి రోమ్‌కి సరిపోతుంది. పోపుల పాలనలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదు, అందుకే వించి ఒపెరా 'అర్తసెర్సె'లో రాకుమార్తె మందానే కూడా మగ గొంతే. 2012లో నాన్సీలో ఐదుగురు కౌంటర్‌టెనర్లతో దాన్ని వేశారు, మందానేగా మాక్స్ ఇమాన్యుయెల్ చెంచిచ్. అదంటే నాకు ప్రాణం.

ఇక గొంతు సంగతి. కెరుబీనో పాడే 'వోయి కే సపేతే' పాటలో పై స్వరాలు కౌంటర్‌టెనర్లకు సులువే. మధ్య 'సి' దగ్గరికి దిగేసరికి దొంగగొంతు (ఫాల్సెట్టో) పలచబడుతుంది. ఛాతీ గొంతులోకి, అంటే మామూలు మగ గొంతులోకి మారితే అతుకు వినపడుతుంది. ఇక్కడి కోరస్‌లో నా పక్కన ఒక కౌంటర్‌టెనర్ నిలబడతాడు, మంచి గాయకుడు. కింది స్వరాలు రాగానే నావైపు చూస్తాడు, ఈ నాలుగు బార్లు నువ్వే లాగు తల్లీ అన్నట్టు!

పొట్ట కొట్టడం అన్న మాటలోనూ నిజం లేకపోలేదు. కుర్ర మెజోలు తరచూ కెరుబీనోతోనే పైకొస్తారు. కౌంటర్‌టెనర్లకు బరోక్ ఒపెరాలు బోలెడున్నాయి.

రాంబాబు:
మరి ఎట్వష్ ఒపెరా 'త్రీ సిస్టర్స్'? 1998లో లియోన్‌లో ముగ్గురు అక్కచెల్లెళ్లూ కౌంటర్‌టెనర్లే.

వసంత_ఆల్టో:
అది స్వరకర్తే కోరుకున్నాడు. ఆయన ఇష్టం. నాకేం పేచీ లేదు.

శ్రీను_డబ్లిన్:
సరే అండి, గాయని పాడిన కెరుబీనో ఒకటి చెప్పండి, ఈ వీకెండ్ చూస్తాను.

వసంత_ఆల్టో:
1973 గ్లైండ్‌బోర్న్‌ది, ఫ్రెడెరికా ఫాన్ స్టాడ. ముందు రెండో అంకం పెట్టుకోండి.